వైఫై తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయి?

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

పోయిన సంచికలో ‘షాపు వైఫై గురించి మీ సందేహాలు రాయండి’ అన్నాం. అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చాయి. విజయవాడలో నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. నెట్ సెంటర్లకు కేబుల్ క్రింపింగ్ చేసే రోజుల నుంచి చూస్తున్నాను. షాపులవాళ్లు హ్యాకర్ అంటే భయపడతారు కానీ, నన్ను పిలిచిన చోటల్లా హ్యాకర్ కనపడింది బహు తక్కువ. ఎక్కువసార్లు కనపడేది ఆరేళ్ల కిందట పెట్టి మర్చిపోయిన పాస్‌వర్డే.

మాది తెనాలిలో రెండు అంతస్తుల బట్టల షాపు. మూడు నెలల కిందట పని మానేసిన కుర్రాడు సాయంత్రం పూట ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి మా వైఫైలోనే ఫోన్ చూసుకుంటున్నాడట. పాస్‌వర్డ్ మారుద్దామంటే బిల్లింగ్ కంప్యూటర్లు, ప్రింటర్లు, కెమెరాలు, టీవీ అన్నిట్లోనూ మళ్లీ కొట్టుకోవాలి. అలాగే వదిలేస్తే ఏమన్నా నష్టమా? – బట్టల షాపు యజమాని, తెనాలి

ఆ కుర్రాడు చూసే రీల్స్ వల్ల మీకు పోయేదేమీ లేదండీ. చిక్కల్లా ఏమిటంటే, అతని ఫోనూ మీ బిల్లింగ్ కంప్యూటరూ ఒకే గదిలో కూర్చున్నాయి. రెండో కౌంటర్ కోసం లెక్కల ఫోల్డర్ షేర్ చేసి ఉంటారు, నూటికి తొంభై షాపుల్లో దానికి పాస్‌వర్డ్ ఉండదు. మీ వైఫైలో ఉన్న ఏ ల్యాప్‌టాప్‌కైనా ఆ ఫోల్డర్ కనపడుతుంది. పైగా పాస్‌వర్డ్ అతనొక్కడి దగ్గరే ఉందనుకోకండి. ఆండ్రాయిడ్ 10 నుంచి సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘షేర్’ నొక్కితే క్యూఆర్ కోడ్ వచ్చేస్తుంది. పక్కవాడు స్కాన్ చేసుకుంటే చాలు, నోటితో చెప్పక్కర్లేదు. మూడు నెలల్లో టీ కొట్టు దగ్గర ఎంతమంది స్కాన్ చేసుకున్నారో మీకూ తెలీదు, నాకూ తెలీదు.

మీ ప్రశ్నలోనే అసలు జబ్బు ఉంది: మార్చడం కష్టం కాబట్టి మార్చలేదు. కాబట్టి ముందు మార్చడం తేలికయ్యేలా చేసుకోవాలి. ఒక్క వైఫై పేరును మూడు చేయండి. బిల్లింగ్ కంప్యూటర్లకు, ప్రింటర్లకు ఒకటి, దాని పాస్‌వర్డ్ మీకూ ఇంకొక నమ్మకస్తుడికీ తప్ప తెలియకూడదు. పనివాళ్ల ఫోన్లకు రెండోది. కొనడానికి వచ్చేవాళ్లకు మూడోది. ఎవరైనా మానేస్తే రెండోది ఒక్కటే మారుస్తారు, అది ఫోన్లలోనే ఉంటుంది కాబట్టి ఏ మెషీన్‌నూ ముట్టుకోనక్కర్లేదు. కెమెరాలకు వైరు లాగించండి. వైఫై మీద కెమెరాలంటే నాకు మొదటి నుంచీ గిట్టదు.

మూడు పేర్లు పెట్టినంత మాత్రాన మూడు గదులు అయిపోవు, ఇది గుర్తుంచుకోండి. లోపల గోడ కట్టాలి. దాన్నే వీల్యాన్ అంటారు. ఒక్కో పేరు మీద వచ్చే డేటాకు ఒక్కో నంబరు చీటీ అంటిస్తారు, బిల్లింగ్‌కు 10, స్టాఫ్‌కు 20, గెస్ట్‌కు 30 అన్నట్టు. రౌటర్‌లో ‘30 నుంచి 10కి దారి లేదు’ అని రూల్ రాస్తారు. ఫైబర్ కంపెనీ ఊరికే ఇచ్చే డబ్బాలో చాలావరకు గెస్ట్ ఆప్షన్ మాత్రమే ఉంటుంది, అది కొన్నిట్లో పేరుకే. గోడ నిజంగా ఉందా అన్నది మీరే చూసుకోవచ్చు. ఫోన్‌ను గెస్ట్ వైఫైకి కలిపి, బ్రౌజర్‌లో 192.168.1.1 అని గానీ మీ రౌటర్ అడ్రస్ ఏదైతే అది గానీ కొట్టండి. లాగిన్ పేజీ తెరుచుకుందంటే గోడ లేదు, కర్టెన్ ఉంది.

పెద్ద ఆఫీసుల్లో అయితే ఒక్కొక్కరికి వాళ్ల సొంత పేరు, సొంత పాస్‌వర్డ్ ఇచ్చే పద్ధతి ఉంది, డబ్ల్యూపీఏ2 ఎంటర్‌ప్రైజ్ అంటారు. ఎవరు మానేస్తే వాళ్ల పేరు ఒక్కటీ తీసేస్తే సరిపోతుంది. కానీ దానికి వెనకాల ఆ పేర్లు, పాస్‌వర్డులు సరిచూసే రేడియస్ సర్వర్ ఒకటి నడవాలి, దాన్ని చూసుకునే మనిషి ఉండాలి. పన్నెండు మంది పనిచేసే బట్టల షాపుకు ఆ గొడవ నేను పెట్టను.

ఈ విషయంలో నా సంగతీ చెప్పుకోవాలి. ఒకప్పుడు నేను పని చేసిన షాపులన్నిట్లో రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటే ఉండేది, నా బండి నంబరు. గుర్తుంటుంది కదా అని. నా దగ్గర మూడేళ్లు పనిచేసి సొంతంగా షాపు పెట్టుకున్న తమ్ముడు ఒకరోజు టీ తాగుతూ, “అన్నా, ఏ షాపుకెళ్లినా నీ బండి నంబరే పడుతోంది, నీకు కస్టమర్లు ఎంతమంది ఉన్నారో నాకు లెక్క తెలిసిపోయింది” అన్నాడు నవ్వుతూ. మంచివాడు కాబట్టి చెప్పాడు. నాకు మాత్రం టీ దిగలేదు. ఆ మర్నాటి నుంచి పదకొండు రోజులు షాపు షాపుకూ తిరిగి మార్చుకొచ్చాను. అప్పుడు కొన్న అట్ట పుస్తకమే ఇప్పటికీ నా బీరువాలో ఉంది: షాపు పేరు, ఏ పాస్‌వర్డ్ ఎవరి చేతికిచ్చాను, ఏ తేదీన మార్చాను. అడ్మిన్ పాస్‌వర్డ్ షాపుకొకటి. మీరూ ఒక పేజీ పెట్టుకోండి, మూడు గళ్లు గీస్తే చాలు.

తిరుపతిలో మాకు 28 గదుల లాడ్జి ఉంది. పాస్‌వర్డ్ రిసెప్షన్ దగ్గర గోడకు అంటించాం. ఈమధ్య ఏదో కేసు విషయంలో పోలీసులు వచ్చి, ఫలానా రాత్రి మీ నెట్ వాడింది ఎవరని అడిగారు. మా దగ్గర గదుల రిజిస్టరు తప్ప ఇంకేమీ లేదు. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి? – లాడ్జి మేనేజర్, తిరుపతి

ముందు పోలీసులు మీ దగ్గరికే ఎందుకొచ్చారో చెబుతాను. 28 గదుల్లో ఎంతమంది వాడినా బయటి ప్రపంచానికి మీ లాడ్జి ఒకటే నెట్ అడ్రస్‌గా కనపడుతుంది. నెట్ కంపెనీని అడిగితే ఆ అడ్రస్ ఎదురుగా కనెక్షన్ తీసుకున్నవాళ్ల పేరుంటుంది. గదుల దాకా వెళ్లే లెక్క మీ రౌటర్ దగ్గరే ఉండాలి. మీది రాసుకోలేదు.

ఇది మన దేశంలో పాత పాఠమే. 2008 జూలై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు టీవీ ఛానళ్లకు ఒక ఈమెయిల్ వెళ్లింది. దాని అడ్రస్ పట్టుకుని పోతే నవీ ముంబైలో ఒక అమెరికన్ ఉంటున్న ఫ్లాట్ తేలింది. ఆయన వైఫైని ఎవరో వాడుకున్నారు. అది తేలేదాకా విచారణ అంతా ఆయన చుట్టూనే తిరిగింది. ఆ సెప్టెంబరులో ఢిల్లీ పేలుళ్లప్పటి మెయిల్ చెంబూరులో ఒక కంపెనీ వైఫై నుంచి పోయింది. 2009 జనవరిలో ముంబై పోలీసులు తాళం లేని వైఫైలు ఎక్కడున్నాయో వెతుకుతూ వీధుల్లో తిరిగారు. ఫిబ్రవరిలో టెలికాం శాఖ నెట్ కంపెనీలకు ఆదేశాలిచ్చింది, పబ్లిక్ వైఫై వాడేవాళ్లెవరో గుర్తు తెలిసేలా ఉండాలని. రైల్వే స్టేషన్లో, ఎయిర్‌పోర్టులో ఫోన్ నంబరు కొట్టి ఓటీపీ తెచ్చుకోమంటున్నది అందుకే.

మీకు కావాల్సింది అదే. గోడ మీద కాగితం చింపేసి, ఓటీపీతో లోపలికి రానిచ్చే గేట్‌వే పెట్టించండి. ఫోన్ నంబరు, ఏ డివైస్, ఏ లోపలి అడ్రస్, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఈ నాలుగూ దాంట్లో పడాలి. ఆధార్ జిరాక్సులు తీసుకుని వైఫై ఇచ్చే లాడ్జీలు చూశాను, ఆ పని చేయకండి. ఆ జిరాక్సులు కాపలా కాయడం ఇంకో తలనొప్పి.

చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది, గడియారం. మామూలు రౌటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు. కరెంటు పోయి వస్తే టైము మళ్లీ మొదటికొస్తుంది. ఒక లాడ్జిలో లాగ్ (ఎవరు ఎప్పుడు కలిశారన్న చిట్టా) తెరిచి చూస్తే గెస్టులందరూ 1970 జనవరి 1న దిగినట్టుంది. అలాంటి లాగ్ ఎవరికి చూపిస్తారు? ఎన్టీపీ అనే ఆప్షన్ ఆన్ చేసి, టైమ్ జోన్ 5:30 పెడితే టైము నెట్ నుంచి సరిచేసుకుంటుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లోనూ కంపెనీలు గడియారాలు ఇలా కలుపుకోవాలని, లాగ్‌లు 180 రోజులు ఉంచాలని ఉంది. లాడ్జి చిన్నదైనా పెద్దదైనా నేను 180 రోజులే పెడతాను.

ఇంకో రెండు మాటలు. గదుల్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఒకదానికొకటి కనపడకుండా ‘క్లయింట్ ఐసోలేషన్’ ఆన్ చేయండి. మీరు వాడేది ఇంటి ప్లానా, వ్యాపారం ప్లానా చూసుకోండి. ఇంటి ప్లాన్ తీసుకుని 28 గదులకు పంచితే కంపెనీ ఒప్పుకోదు. ఇదంతా సొంతంగా చేయలేమనుకుంటే పీఎం-వాణి అనే ప్రభుత్వ పబ్లిక్ వైఫై పథకం ఉంది. 2020 డిసెంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించింది. కిరాణా కొట్టు కూడా పబ్లిక్ డేటా ఆఫీసుగా వైఫై ఇవ్వొచ్చు, దానికి లైసెన్సు గానీ ఫీజు గానీ అక్కర్లేదు. ఎవరు వాడారన్న లెక్క చూసుకునే పని ఇలాంటి కొట్లన్నిటినీ కలిపి నడిపే అగ్రిగేటర్ కంపెనీది.

భీమవరంలో మా కల్యాణ మండపానికి 300 ఎంబీపీఎస్ లైన్ ఉంది. మామూలు రోజుల్లో బ్రహ్మాండంగా వస్తుంది. పెళ్లి రోజున మాత్రం ఫుల్ సిగ్నల్ చూపిస్తూనే ‘ఐపీ అడ్రస్ తీసుకుంటోంది’ అని ఆగిపోతుంది. ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోమంటారా? – మండపం నిర్వాహకుడు, భీమవరం

వద్దు, డబ్బు దండగ. మీకొచ్చిన జబ్బు నెట్‌ది కాదు, విస్తళ్లది.

బంతి భోజనంలో ఆకు వేస్తేనే కూర్చునేది. వైఫైకి కలిసే ప్రతి ఫోన్‌కూ రౌటర్ ఒక అడ్రస్ ఇవ్వాలి, అదే ఆకు. మామూలు సెట్టింగులో గట్టిగా వేస్తే 253 ఆకులు. చాలా రౌటర్లలో వందే ఉంటాయి. మీ బంతికి ఆరు వందల మంది వస్తారు. అదీ కాక, తిని లేచిపోయినవాడి ఆకు తీయడానికి మీ రౌటర్ 24 గంటలు ఆగుతుంది. పొద్దున టిఫిన్ తిని వెళ్లిపోయిన మగపెళ్లివారి ఆకులు రాత్రి రిసెప్షన్ దాకా అక్కడే పడున్నాయి. కొత్తగా వచ్చినవాడు నిలబడే ఉన్నాడు.

రౌటర్ సెట్టింగుల్లో ఈ ఆకులు పంచే డీహెచ్‌సీపీ పేజీలోకి వెళ్లి, ఆకు ఎంతసేపు ఉంచాలన్న ‘లీజ్ టైమ్’ గంటకు తగ్గించండి. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 ఉన్నచోట 255.255.252.0 చేయించండి, వెయ్యికి పైగా ఆకులొస్తాయి. ఈ రెండు మార్పులకు పైసా ఖర్చు లేదు, పావుగంట పని. మీ డబ్బా పెద్ద మాస్క్ ఒప్పుకోకపోతే అప్పుడు రౌటర్ మార్చాలి, ప్లాన్ కాదు.

ఆకులు సరిపోయాక రెండో చిక్కు బయటపడుతుంది: వడ్డించేవాడు ఒక్కడే. వైఫైలో ఒక ఛానల్ మీద ఒక్కసారి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. దూరంగా గేటు దగ్గర, అందీ అందని సిగ్నల్‌తో ఉన్న ఫోన్ నత్తలా 1 ఎంబీపీఎస్‌లో మాట్లాడుతుంటే హాల్లో అందరూ దానికోసం ఆగుతారు. అందుకే 1, 2, 5.5 ఎంబీపీఎస్ పాత స్పీడులు ఆపేయమంటాను. ఒక్క పెద్ద యాంటెన్నా డబ్బా కంటే హాలు పొడుగునా సీలింగ్‌కు నాలుగు చిన్న యాక్సెస్ పాయింట్లు (వైఫై వదిలే డబ్బాలు) మేలు. వాటికి క్యాట్6 కేబుల్ వంద మీటర్లు దాటకుండా లాగి, పీఓఈ స్విచ్ నుంచి కరెంటు ఆ కేబుల్‌లోనే పంపండి. రిపీటర్లు కొనకండి. విన్నమాటే మళ్లీ అరిచి చెప్పే మనిషిని పెట్టుకున్నట్టు, స్పీడు సగం వాడికే పోతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానళ్లు తప్ప వేరేవి పెట్టకండి, ఒకదానిమీద ఒకటి పడనివి ఆ మూడే. జనం ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్ మీదికి పోయేలా చూడండి. 2018 అక్టోబరులో కేంద్రం లైసెన్సు లేకుండా వాడుకోవడానికి దాంట్లో చాలా చోటు వదిలింది.

డెకరేషన్ వాళ్లకు యాక్సెస్ పాయింట్లు ఎక్కడున్నాయో చూపించి పెట్టండి. ఒక మండపంలో నేను రెండు గంటలు తల బాదుకున్నాను, స్టేజీ వైపు సిగ్నల్ ఎందుకు చచ్చిపోయిందా అని. చూస్తే యాక్సెస్ పాయింట్ ముందు ఇనుప ట్రస్సు, దాని మీద ఎల్‌ఈడీ వాల్. లైవ్ స్ట్రీమింగ్ చేసే వీడియో అబ్బాయికి మాత్రం వైఫై ఇవ్వకండి, స్టేజీ దగ్గరికి విడిగా వైరు లాగి ఇవ్వండి. డల్లాస్‌లో ఉన్న మేనమామకు తాళి కట్టే నిమిషంలో బొమ్మ ఆగిపోతే ఆ మాట మీరే పడాలి.

వైఫై పేరు కనపడకుండా దాచేసి, మేము ఒప్పుకున్న ఫోన్లు మాత్రమే కలిసేలా మ్యాక్ ఫిల్టర్ పెట్టాం. ఇంక భయం లేదు కదా? – కోచింగ్ సెంటర్, హనుమకొండ

ఉంది. పేరు దాస్తే మీ స్టాఫ్ ఫోన్లే ఎక్కడికెళ్లినా ‘ఫలానా వైఫై ఉందా?’ అని గాలిలో పిలుస్తూ తిరుగుతాయి. మ్యాక్ అడ్రస్, అంటే ప్రతి ఫోన్‌కూ ఉండే గుర్తింపు నంబరు, గాలిలో బాహాటంగానే పోతుంది, చూసి అదే నంబరు పెట్టుకోవడం మీ స్టూడెంట్లకు ఐదు నిమిషాల పని. ఈ రోజుల్లో ఫోన్లు మ్యాక్ అడ్రస్‌ను సొంతంగా మార్చి చూపిస్తున్నాయి కూడా, దాంతో మీ లిస్టులో ఉన్నవాళ్లే బయట నిలబడతారు. రెండూ తీసేసి పొడవాటి పాస్‌వర్డ్ పెట్టండి.

మా డయాగ్నస్టిక్ సెంటర్‌లో కొత్త రౌటర్ పెట్టి డబ్ల్యూపీఏ3 ఆన్ చేస్తే పాత రిపోర్టు ప్రింటర్ కలవడం లేదు. వచ్చిన టెక్నీషియన్ మొత్తం వైఫైని పాత సెక్యూరిటీకి మార్చి, డబ్ల్యూపీఎస్ ఆన్ చేసి వెళ్లాడు. పర్వాలేదా? – ల్యాబ్ నిర్వాహకురాలు, కరీంనగర్

పర్వాలేదు అనలేనమ్మా. వైఫైకి వేసే తాళాల్లో తరాలున్నాయి, ‘పాత’ అంటే ఎంత పాతదో చూడాలి. వెప్ అని ఉంటే అది 2001లోనే బద్దలైంది. 2003లో వచ్చిన డబ్ల్యూపీఏ, టీకేఐపీ అని కనపడితే అదీ వద్దు. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2, పక్కన ఏఈఎస్ అని ఉంటే ఫర్వాలేదు. 2017లో దాంట్లోనూ ఒక లొసుగు బయటపడింది, అప్‌డేట్లు వేసుకుంటే పోయింది. రౌటర్ అప్‌డేట్లు వేయమని మేము మొత్తుకునేది అందుకే. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3ని మీ కంప్యూటర్లు ఒప్పుకుంటున్నాయి కాబట్టి వాటికి అదే ఉంచండి.

డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ బదులు చిన్న పిన్‌తో కలిపే సౌకర్యం) ఈరోజే ఆపేయించండి. దాని పిన్ ఎనిమిది అంకెలు, చూడ్డానికి పది కోట్ల లెక్క. కానీ చివరి అంకె మిగతా ఏడింటి నుంచి లెక్క కట్టి వచ్చేదే. పైగా రౌటర్ మొదటి సగం వేరుగా, రెండో సగం వేరుగా తప్పో ఒప్పో చెప్పేస్తుంది. పది వేలు, ఒక వెయ్యి కలిపి 11,000 సార్లు ప్రయత్నిస్తే చాలు. 2011 డిసెంబరులో ఈ సంగతి లోకానికి తెలిసింది. ఇప్పటికీ ఆన్ చేసి వెళ్తున్నారు!

మీ ప్రింటర్ వెనకాల లాన్ పోర్టు ఉందేమో చూడండి, పాతవాటికి సాధారణంగా ఉంటుంది. మీటరున్నర కేబుల్‌తో తీరిపోయే దానికి జనం రిపోర్టులన్నీ గాలికి వదలడం దేనికి?

టెక్సాస్‌లో ఫ్రిస్కోలో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాం. కార్డు మెషీన్లు, వంటింట్లో ఆర్డర్ ప్రింటర్, కస్టమర్ల ఫోన్లు అన్నీ ఒకే వైఫై. బ్యాంకు వాళ్లు పీసీఐ ఫారం నింపమంటున్నారు. – టిఫిన్ సెంటర్ భాగస్వామి, ఫ్రిస్కో

ఫారం నింపే ముందు కస్టమర్లను ఆ వైఫై నుంచి దింపేయండి. పీసీఐ అంటే కార్డు చెల్లింపుల భద్రతా నిబంధనలు, వాటిలో విడదీయడం తప్పనిసరి అని ఉండదు కానీ, విడదీయకపోతే కస్టమర్ ఫోన్లున్న నెట్‌వర్క్ మొత్తం లెక్కలోకి వస్తుంది, ఆ ప్రశ్నలకు మీరు జవాబులు రాయలేరు. రౌటర్‌తో వచ్చిన పాస్‌వర్డులు మార్చాలి. మీకు తెలియకుండా ఎవరైనా వైఫై డబ్బా తగిలించారేమో మూడు నెలలకోసారి చూడాలి. వంటింట్లో ప్రింటర్‌కు సిగ్నల్ అందడం లేదని పనబ్బాయి తెచ్చి పెట్టిన ఇరవై డాలర్ల డబ్బా కూడా అందులోకే వస్తుంది.

మీ దేశంలోనే జరిగింది చెబుతాను. టీజేఎక్స్ అని పెద్ద దుకాణాల కంపెనీ. 2005లో మినసోటాలో సెయింట్ పాల్ దగ్గర వాళ్ల మార్షల్స్ స్టోరు బయట నుంచే దొంగలు వైఫైలోకి దూరారని అప్పట్లో పత్రికలు రాశాయి. లోపల ఉన్నది వెప్. అప్పటికే అది బద్దలై నాలుగేళ్లయింది. ఆ స్టోరు నుంచి మెయిన్ కంప్యూటర్ దాకా దారి దొరికింది. కంపెనీ చెప్పిన లెక్కే 4 కోట్ల 57 లక్షల కార్డులు. ముఠా నాయకుడు ఆల్బర్ట్ గొంజాలెజ్‌కు 2010లో 20 ఏళ్ల జైలు పడింది.

రాత్రి షాపు మూసేటప్పుడు రౌటర్ ఆపేయడం మంచిదా? – స్వీట్ షాపు, కాకినాడ

ఆపితే లోపలికి ఎవరూ రారు, నిజమే. షట్టర్ పగలగొట్టి వచ్చినవాడిని కెమెరా మీ ఫోన్‌కు చూపించదు కూడా. ఉంచండి. పనివాళ్ల వైఫైకీ గెస్ట్ వైఫైకీ రాత్రి పదిన్నర నుంచి పొద్దున ఏడు దాకా ఆగిపోయేలా టైమర్ పెట్టుకోండి, చాలా రౌటర్లలో ఉంటుంది. అప్‌డేట్లు కూడా ఆ టైములోనే పడేలా పెట్టండి.

షాపు కొత్త చోటికి మారుస్తూ పాత రౌటర్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేశాం. తర్వాత అనుమానం వచ్చింది. – స్టేషనరీ షాపు, ఖమ్మం

అనుమానం సరైనదే. మీ వైఫై పేరు, పాస్‌వర్డ్, నెట్ కంపెనీ యూజర్ నేమ్ అన్నీ దాంట్లోనే ఉన్నాయి. కొత్త చోట అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టుకుని ఉంటారు, సౌకర్యం కదా. ఈరోజే మార్చండి. నెట్ కంపెనీకి ఫోన్ చేసి లాగిన్ పాస్‌వర్డ్ కూడా మార్పించుకోండి. ఇంకోసారి ఇచ్చేటప్పుడు, కరెంటు ఆన్‌లో ఉండగానే వెనకాల ‘రీసెట్’ అని చిన్న కంత ఉంటుంది, దాంట్లో పిన్నీసు మొన పెట్టి లైట్లన్నీ ఒక్కసారి ఆరి వెలిగేదాకా నొక్కి పట్టుకోండి. పదిహేను సెకన్లు పట్టొచ్చు.